పాత బైక్‌లో కరెంట్ తంటాలు: పార్టు కొనేముందు ఎర్త్ చూడండి

స్టార్టర్ మొరాయించగానే చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే గొడవ. ఏళ్ల తరబడి వానకు తడిసి, అదురుకు అరిగిన బండిలో తప్పు ఎక్కువగా వైర్ల జాయింట్లలోనే ఉంటుంది. వోల్టులు, ఓమ్‌లు (వైరులోని నిరోధం) కొలిచే మల్టీమీటర్ ఒకటి దగ్గరుంచుకోండి. కింది కొలతలు 12 వోల్టుల బళ్లకు.

స్టార్టర్ నొక్కితే టక్కుమని ఆగిపోతోందా?

ముందు బ్యాటరీ. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగమే. నిండుగా ఉన్నా స్టార్టర్ నొక్కగానే 10 కంటే బాగా కిందికి జారితే బ్యాటరీ పని అయిపోయినట్టే. జారకపోతే ఎర్త్ మీద, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కీ ఫ్రేముకీ కలిపే దారి మీద అనుమానపడండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ కొమ్ము (టెర్మినల్) మీద, రెండోది ఇంజన్ మీద పెయింట్ లేని చోట ఆనించి స్టార్టర్ నొక్కండి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డుంది. ఎర్త్ బోల్టు విప్పితే కింద పెయింటో, తుప్పో, పచ్చటి చిలుమో కనిపిస్తుంది. లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. ఎర్త్ బాగుంటే పాజిటివ్ కొమ్ము నుంచి స్టార్టర్ మోటార్ దాకా ఇలాగే కొలవండి. అక్కడ ఎక్కువ చూపిస్తే తప్పు రిలేలోనో (స్టార్టర్‌కు కరెంట్ వదిలే స్విచ్) కేబుల్‌లోనో ఉంది.

బ్రేక్ నొక్కితే టెయిల్ లైటు మసకబారుతోందా? ఇదీ ఎర్త్ లోపమే. బల్బు సాకెట్ గీకి, వెనక ఎర్త్ వైరు చూడండి.

ఛార్జ్ నిలవడం లేదా?

ఇంజన్‌ని 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ మీద కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే, ఆలస్యం చేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది. 13 కూడా రాకపోతే ముందు స్టేటర్ (ఇంజన్‌లో కరెంట్ పుట్టించే కాయిల్) కనెక్టర్ విప్పండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగో కరిగో ఉంటే దొంగ దొరికినట్టే. అది బాగుండి, మూడు వైర్ల స్టేటర్ అయితే ఏ రెండింటి మధ్య కొలిచినా ఓమ్‌లు ఒకేలా ఉండాలి. కనెక్టర్ విప్పి ఉండగా ఏ వైరుకీ బాడీతో కనెక్షన్ కనిపించకూడదు. కనిపిస్తే కాయిల్ కాలిపోయింది.

ఫ్యూజ్ పదేపదే పోతోందా?

ఎక్కువ ఆంప్‌ల పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకండి, దయచేసి. అప్పుడు ఫ్యూజ్‌కు బదులు వైరింగే కాలుతుంది. ఫ్యూజ్ చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపి, లైట్లు, హారన్ ఆపేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ వైర్లు కదపండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు ప్రకాశంగా వెలుగుతుంది. ఎక్కడ కదిపితే ఆరిపోతుందో తప్పు అక్కడే ఉంది. హ్యాండిల్ మెడ దగ్గర, ట్యాంకు కింద వైర్లు ఫ్రేముకు రాసుకునే చోట్లు ముందు చూడండి. ఒరిసిన వైరుకు పైపైన టేపు చుట్టి వదిలేయకండి. పాడైన ముక్క తీసేసి, కొత్త ముక్క సోల్డర్ చేసి, పైన స్లీవ్ వేసి, ఫ్రేముకు తగలకుండా కట్టండి.