వేర్వేరు ప్రాసెసర్ల కంప్యూటర్లలో ఉమ్మడి డైరెక్టరీలను ఆటోఎఫ్ఎస్‌తో మౌంట్ చేసే విధానం

ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను పంచే పద్ధతి) సర్వర్‌లోని ప్రోగ్రాముల డైరెక్టరీని ఇంటెల్ కంప్యూటర్‌లోనూ, ఆర్మ్ బోర్డులోనూ ఒకేలా మౌంట్ చేస్తే (అంటే ఆ యంత్రపు సొంత డైరెక్టరీలా జోడిస్తే), మొదటిదానిలో చక్కగా నడిచిన ప్రోగ్రాము రెండోదానిలో ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటూ ఆగిపోతుంది. ఫైలు సక్రమంగానే అందింది, కానీ అందులోని సూచనలు ఆ ప్రాసెసర్‌వి కావు. అందుచేత పత్రాలు, చిత్రాలు, షెల్ స్క్రిప్టులు, మాన్ పేజీలు (ఆదేశాల సహాయ పత్రాలు) ఉమ్మడిగా ఉంచి, కంపైల్ చేసిన ప్రోగ్రాములను, లైబ్రరీలను మాత్రమే ప్రాసెసర్ వారీగా విడదీయాలి. అలా విడదీసినా, వాడుకరికి కనిపించే దారి అన్ని యంత్రాలలోనూ ఒక్కటే కావాలి. లేకపోతే ప్రతి స్క్రిప్టునూ, ప్రతి పాత్ అమరికనూ యంత్రానికొక తీరుగా దిద్దుకోవలసి వస్తుంది.

పని సర్వర్ దగ్గర కాక, ప్రతి యంత్రం తన పేరు ఏమని చెబుతుందో చూడడంతో మొదలుపెట్టండి. టెర్మినల్‌లో ‘యూనేమ్ -ఎం’ ఆదేశం ఇస్తే, 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాలలో లినక్స్ ‘ఎక్స్86_64’ అని, 64 బిట్ల ఆర్మ్ యంత్రాలలో ‘ఏఆర్చ్64’ అని చూపుతుంది. సర్వర్‌లో టూల్స్ డైరెక్టరీ కింద ఇవే పేర్లతో, ఒక్క అక్షరమూ తేడా లేకుండా ఉపడైరెక్టరీలు చేసి, వాటిని చదవడానికి మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయండి, అంటే ఇతర యంత్రాలకు అందుబాటులో ఉంచండి.

తరువాత ప్రతి యంత్రంలోనూ ఆటోఎఫ్ఎస్‌ను (దారిని తెరిచినప్పుడు దానంతట అదే మౌంట్ చేసే సర్వీసును) ఇన్‌స్టాల్ చేయండి. ఏ దారిలో సర్వర్‌లోని ఏ డైరెక్టరీ మౌంట్ కావాలో చెప్పే ఫైలు మ్యాప్; అందులో పూర్తి దారులు రాస్తే అది డైరెక్ట్ మ్యాప్. మ్యాప్‌ల జాబితా అయిన ఆటో.మాస్టర్ ఫైలులో డైరెక్ట్ మ్యాప్‌కు గుర్తయిన ‘/-’ రాసి, దాని పక్కన మ్యాప్ ఫైలు పేరు ఇవ్వండి. ఆ మ్యాప్‌లో ఒకే పంక్తి చాలు: మొదట ఆప్ట్ కింద టూల్స్ అనే పూర్తి దారి, ఆపై చదవడానికి మాత్రమే అనే ఆప్షన్, చివర సర్వర్ పేరు, కోలన్, సర్వర్‌లోని దారి. ఆ దారి చివర ప్రాసెసర్ పేరు ఉండవలసిన చోట డాలర్ గుర్తు వేసి, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెద్ద అక్షరాలలో ‘ఆర్చ్’ అనే వేరియబుల్ రాయాలి. లినక్స్‌లో ‘యూనేమ్ -ఎం’ ఇచ్చే విలువనే ఆటోఎఫ్ఎస్ అక్కడ నింపుతుంది కనుక, ఒకే మ్యాప్ ఫైలును మార్పు లేకుండా అన్ని యంత్రాలకూ పంచవచ్చు.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. అదే ఆర్మ్ ప్రాసెసర్‌ను మ్యాక్ఓఎస్ ‘ఆర్మ్64’ అంటుంది, లినక్స్ ‘ఎక్స్86_64’ అనేదాన్ని ఫ్రీబీఎస్‌డీ ‘ఏఎండీ64’ అంటుంది. అయినా వీటికి సర్వర్‌లో విడి డైరెక్టరీలే ఉండాలి, ఎందుకంటే ప్రాసెసర్ ఒకటే అయినా ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ప్రోగ్రాము మారుతుంది. అంతకంటే మోసపుచ్చేది 64 బిట్ల కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మీద 32 బిట్ల వ్యవస్థ నడిచే యంత్రం. 32 బిట్ల రాస్‌ప్బెర్రీ పై ఓఎస్ కొన్ని బోర్డులలో సరిగ్గా ఇలాగే ఉంటుంది. కెర్నెల్ ‘ఏఆర్చ్64’ అని చెబుతుంది కానీ, ఆ ప్రోగ్రాములకు కావలసిన 64 బిట్ల లైబ్రరీలు అక్కడ ఉండవు. ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ ఆదేశానికి (రెండో మాట పెద్ద అక్షరాలలో) 32 అని జవాబు వస్తే సంగతి ఇదేనని గ్రహించండి. ఇలాంటి యంత్రాలు ఒకటి రెండున్నా సరే, ఆర్చ్‌ను నమ్ముకోకుండా సొంత వేరియబుల్ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆటో.మాస్టర్ పంక్తిలో ‘-డీ’ (పెద్ద అక్షరం) ఆప్షన్‌తో దాని పేరు, విలువ ఇచ్చి, మ్యాప్‌లో ఆర్చ్‌కు బదులు దానినే వాడండి.

హోమ్ డైరెక్టరీలకు ఈ విభజన అక్కరలేదు. ఇండైరెక్ట్ మ్యాప్‌లో (పూర్తి దారికి బదులు ఒక డైరెక్టరీ కింది పేర్లు మాత్రమే రాసే మ్యాప్‌లో) ఎడమ వైపు నక్షత్రం గుర్తు, కుడి వైపు దారి చివర ‘&’ రాస్తే ప్రతి వాడుకరికీ సరిపోతుంది. అయితే ఒక్కో వాడుకరి యూజర్ ఐడీ సంఖ్య అన్ని యంత్రాలలోనూ ఒకటే ఉండాలి.

మ్యాప్ ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఉండకూడదు. ఉంటే ఆటోఎఫ్ఎస్ దానిని చదవడానికి బదులు ప్రోగ్రాముగా నడపబోతుంది. మాస్టర్ ఫైలులో గాని, డైరెక్ట్ మ్యాప్‌లో గాని మార్పు చేసినప్పుడు సర్వీసును రీలోడ్ చేయండి. ఆ తరువాత టూల్స్ దారిలోకి వెళ్లి ‘ఎల్ఎస్’ ఇస్తే మౌంట్ దానంతట అదే జరగాలి. జరగకపోతే సర్వీసును ఆపి, ‘ఆటోమౌంట్ -ఎఫ్ -వి’ అని నడిపితే, ఏ దారి కోసం సర్వర్‌ను అడుగుతున్నదో తెర మీదే కనిపిస్తుంది.