టాంజానియాతో వ్యాపారం: ముందు ఒక పంట కాలం, తరువాతే పెట్టుబడి

టాంజానియాతో వ్యాపారం చేయాలనుకునేవారు కంపెనీ రిజిస్ట్రేషన్, పన్ను రాయితీల వివరాలు సేకరించడానికి ముందు ఆ దేశపు పంటల క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవాలి. దక్షిణాన మ్ట్వారా, లిండి ప్రాంతాల్లోనూ, ఉత్తరాన మన్యారా ప్రాంతంలోనూ కందులు రమారమి జూలై నుంచి కోతకు వస్తాయి. భారతదేశంలో ఖరీఫ్ కంది డిసెంబరుకు గాని మార్కెట్ యార్డులకు చేరదు. ఈ నడిమి నెలల్లోనే టాంజానియా కందికి గిరాకీ. అదే దక్షిణ ప్రాంతంలో అక్టోబరు నుంచి జనవరి దాకా జీడిగింజల కాలం నడుస్తుంది. పశ్చిమ ఆఫ్రికా జీడి ఫిబ్రవరి తరువాత గాని రాదు కాబట్టి, భారతదేశంలోనూ వియత్నాంలోనూ ఉన్న జీడి పరిశ్రమలు ఆ కొద్ది నెలలు టాంజానియా వైపు చూస్తాయి. కొత్తగా అడుగుపెట్టేవారు ఈ రెండింటిలో ఒక సరుకును ఎంచుకుని, కనీసం ఒక పంట కాలం పూర్తిగా కొనుగోలుదారుగానే గడిపి, ఆ తరువాతే అక్కడ డబ్బు పెట్టే ఆలోచన చేయాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

కొనుగోలు చేసే తీరు తెలియక మొదటి ఏడాదే చిక్కుల్లో పడేవారు ఉంటారు. పల్లెలకు వెళ్ళి రైతు దగ్గర నేరుగా కొంటే చవకగా వస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ టాంజానియాలో విదేశీయులు ఆ పని చేయడం నేరం. 2025 జూలైలో ఆ దేశ ప్రభుత్వం పదిహేను రకాల వ్యాపారాలను విదేశీయులకు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పొలం వద్ద పంట కొనడం, చిల్లర వర్తకం, మొబైల్ ద్వారా డబ్బు పంపే ఏజెన్సీ, సెల్‌ఫోన్ల మరమ్మతు, క్షౌరశాల, పర్యాటకులకు దారి చూపే పని వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఉల్లంఘించిన విదేశీయుడికి కోటి షిల్లింగులకు తగ్గని జరిమానా గాని ఆరు నెలల వరకు జైలు గాని పడవచ్చు, వీసా కూడా రద్దు కావచ్చు. అతనికి సహకరించిన స్థానికుడికీ శిక్ష ఉంది. అందువల్ల స్థానికుడి పేరు మీద లైసెన్సు తీసుకుని వెనుక నుంచి నడిపిద్దామనే సలహా ఎవరు ఇచ్చినా, వారు ఎంత నమ్మకస్తులైనా, దానిని అక్కడే తిరస్కరించాలి.

చట్టబద్ధమైన మార్గం వేలం. జీడి రైతులు తమ గింజలను ఆమ్‌కోస్ అని పిలిచే ప్రాథమిక సహకార సంఘాలకు అప్పగిస్తారు. సంఘం సరుకును గిడ్డంగికి చేర్చి, తూకం, నాణ్యత రాసిన రసీదు తీసుకుంటుంది. ఆ రసీదుల ఆధారంగా వేలం జరుగుతుంది. 2007లో మ్ట్వారాలో జీడితో మొదలైన ఈ గిడ్డంగి రసీదుల పద్ధతి క్రమంగా నువ్వులు, కందులు వంటి పంటలకూ విస్తరించింది. ఇటీవలి కాలంలో వేలాలు టీఎంఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజి ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి. జీడిగింజల వేలంలో పాల్గొనాలంటే జీడి బోర్డు ఇచ్చే కొనుగోలుదారు లైసెన్సు ఉండాలి. అది లేనివారు మొదటి ఏడాది లైసెన్సు ఉన్న స్థానిక ఎగుమతిదారు నుంచి ఓడరేవు వద్ద అప్పగించే ఒప్పందంపై కొనడం మేలు. లాభం కొంత తగ్గినా, గింజల నాణ్యత ఏ గిడ్డంగిలో ఎలా ఉంటుందో, వాన పడిన వారంలో తేమ ఎంత పెరుగుతుందో, డబ్బు చెల్లించాక సరుకు విడుదలకు నిజంగా ఎన్ని రోజులు పడుతుందో ఆ ఒక్క ఏడాదిలో తెలుస్తుంది.

జీడిగింజల ధర అవుట్‌టర్న్ మీద తేలుతుంది. ఎనభై కిలోల బస్తాలోని గింజలను కోస్తే ఎన్ని పౌండ్ల మంచి పప్పు దిగుతుందో చెప్పే కొలత అది. ఒప్పందంలో అవుట్‌టర్న్, తేమ శాతం, కిలోకు గింజల సంఖ్య, ఈ మూడూ తప్పక రాయించాలి. నమూనా ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు, తేడా వస్తే ధర ఏ లెక్కన తగ్గుతుంది అన్నవి కూడా రాయించాలి. అమ్మకందారు ఇచ్చిన నాణ్యతా పత్రంతో తృప్తిపడకుండా, కంటైనర్ నింపే వేళ స్వతంత్ర తనిఖీ సంస్థను పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పనే అయినా తప్పనిసరి. ముడి గింజల ఎగుమతిపై టాంజానియా ప్రభుత్వం ఓడపైకి చేర్చిన విలువలో 15 శాతం గాని టన్నుకు 160 డాలర్లు గాని, ఏది ఎక్కువైతే అది లెవీగా వసూలు చేస్తూ వచ్చింది. గింజలను దేశంలోనే పప్పుగా మార్చాలన్నది దాని ఉద్దేశం. దీర్ఘకాలిక పెట్టుబడి గురించి ఆలోచించేవారు ఈ లెవీని ఖర్చుగా మాత్రమే చూడకూడదు. ప్రభుత్వం ఏ పనిని ఆహ్వానిస్తోందో ఆ లెవీయే స్పష్టంగా చెబుతోంది.

కందుల విషయంలో అసలు ప్రమాదం కొనే దేశంలోనే ఉంది. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కంది దిగుమతులకు ఏడాదికి రెండు లక్షల టన్నుల పరిమితి విధించినప్పుడు టాంజానియా పల్లెల్లో ధర కుప్పకూలింది. భారతదేశం తప్ప పెద్ద కొనుగోలుదారు లేని పంట కావడంతో రైతులు ఎంతో నష్టపోయారు. 2021 మేలో ఆ పరిమితిని ఎత్తివేసి, ఆ తరువాత పరిమితి లేని దిగుమతికి ఇచ్చిన గడువును విడతలవారీగా పొడిగిస్తూ వచ్చారు. కనుక కొనుగోలు ఒప్పందం రాసే ముందు భారత విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ తాజా నోటిఫికేషన్‌ను, ముఖ్యంగా ఏ తేదీ లోపు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే పత్రం) ఉండాలో చెప్పే వాక్యాన్ని, స్వయంగా చదవాలి. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, పురుగు చావడానికి సరుకుకు పొగబెట్టినట్టు తెలిపే ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. అల్పాభివృద్ధి దేశాలకు భారత్ 2008లో ప్రకటించిన సుంకం రాయితీ పథకంలో టాంజానియా ఉంది. కాని సరుకు ఏ దేశానిదో చెప్పే మూలదేశ ధ్రువపత్రం లేకుండా ఆ రాయితీ దక్కదు.

చెల్లింపులకు మొదటి లావాదేవీల్లో లెటర్ ఆఫ్ క్రెడిట్‌నే (పత్రాలు సరిగా అందితే చెల్లిస్తామనే బ్యాంకు హామీ) వాడాలి, అడ్వాన్సు అడిగితే ఇవ్వకూడదు. 2023 నుంచి రూపాయల్లో లావాదేవీలు జరిపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించిన దేశాల్లో టాంజానియా ఒకటి. దేశం లోపల వస్తువులకు, సేవలకు విదేశీ కరెన్సీలో ధర చెప్పడాన్ని, వసూలు చేయడాన్ని 2025 నిబంధనలు నిషేధించాయి కాబట్టి, గిడ్డంగి అద్దె, రవాణా, కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ రుసుము అన్నీ షిల్లింగుల్లోనే లెక్కవేసుకోవాలి.

సరుకు బయటికి పోయే దారుల్లో దార్ ఎస్ సలామ్ ప్రధానమైనది. దక్షిణాది జీడికి మ్ట్వారా రేవు దగ్గర. దార్ ఎస్ సలామ్ రేవులో ఓడలు ఆగే కొన్ని బెర్తులను దుబాయ్‌కి చెందిన డీపీ వరల్డ్ 2023 ఒప్పందంతో చేపట్టగా, రెండో కంటైనర్ టెర్మినల్ నిర్వహణకు 2024లో అదానీ సంస్థ ముప్పై ఏళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది. ఈ రేవు టాంజానియాకు మాత్రమే ద్వారం కాదు. జాంబియా, కాంగో, రువాండా, బురుండి, మలావీల సరుకు కూడా ఇక్కడి నుంచే సాగుతుంది. 1970లలో చైనా సాయంతో నిర్మించిన 1,860 కిలోమీటర్ల తజారా రైలుమార్గం జాంబియాలోని కపిరి మ్పోషి దాకా వెళ్తుంది. దార్ ఎస్ సలామ్ నుంచి దొడోమాకు కొత్త స్టాండర్డ్ గేజ్ రైలు 2024లో మొదలైంది. గిడ్డంగులు, రవాణా రంగాల్లో అనుభవం ఉన్నవారికి పంటల కన్నా ఈ మార్గాలే నిలకడైన పని ఇవ్వగలవు.

టాంజానియాకు సరుకు పంపేవారి లెక్క వేరు. అక్కడి ప్రమాణాల సంస్థ టీబీఎస్ నియమం ప్రకారం, నిర్దేశిత వస్తువులకు ఓడ ఎక్కకముందే, అవి ప్రమాణాలకు సరిపోతాయని చెప్పే అనుగుణతా ధ్రువపత్రం పొందాలి. మందులకు వాటి నియంత్రణ సంస్థ టీఎండీఏ వద్ద ఒక్కొక్క ఉత్పత్తిని విడిగా నమోదు చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో మూడో స్థాయికి 2018లోనే చేరి, ఆఫ్రికాలో ఆ స్థాయి అందుకున్న తొలి నియంత్రణ సంస్థ ఇది కనుక, పత్రాల్లో లోపాలు ఉంటే దాటిపోతాయని ఆశించకూడదు. తూర్పు ఆఫ్రికా కూటమి ఉమ్మడి సుంకం సాధారణంగా ముడిసరుకుకు సున్నా, మధ్యస్థ సరుకుకు 10, తయారైన వస్తువులకు 25 శాతం. ప్రాంతంలోనే తగినంతగా తయారవుతున్న వస్తువులకు 2022 నుంచి 35 శాతం ఉంది. విడిభాగాలను తెచ్చి అక్కడే కూర్చడం ఎప్పుడు లాభమో ఈ నాలుగు అంకెలే చెబుతాయి.

ఒక పంట కాలం గడిచి, నమ్మదగిన భాగస్వామి దొరికి, పప్పు తీసే కర్మాగారమో గిడ్డంగో పెట్టాలనుకుంటే అప్పుడు కంపెనీ. కంపెనీ నమోదు రిజిస్ట్రేషన్ల సంస్థ బ్రేలా వద్ద ఆన్‌లైన్‌లో, పన్ను సంఖ్య పన్నుల శాఖ టీఆర్ఏ వద్ద, వ్యాపార లైసెన్సు విడిగా. 2022 పెట్టుబడి చట్టం రాయితీల ధ్రువపత్రానికి విదేశీయులకు 5 లక్షల డాలర్లు, స్వదేశీయులకు 50 వేల డాలర్లు కనీస పెట్టుబడిగా పెట్టింది. 2025లో పెట్టుబడి కేంద్రాన్ని, ఎగుమతి మండలాల సంస్థను కలిపి టిసేజాను ఏర్పాటు చేశారు. దరఖాస్తుకు ముందు వర్తించే పరిమితిని ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఆదాయపు పన్ను 30 శాతం, విలువ ఆధారిత పన్ను 18 శాతం.

భూమి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 1999 భూచట్టం ప్రకారం భూమి అంతా ప్రజలది, అధ్యక్షుడు దానికి ధర్మకర్త. విదేశీయుడు భూమి కొనలేడు. పెట్టుబడి కోసం మాత్రం ప్రభుత్వ పెట్టుబడి సంస్థ పేరున ఉన్న హక్కు నుంచి పుట్టే ఉపహక్కును నిర్ణీత కాలానికి పొందగలడు. గ్రామ భూమికి ప్రత్యేక చట్టం ఉంది, గ్రామసభ సమ్మతి అవసరం. గ్రామ పెద్ద సంతకం చేసిన కాగితం చూపి ఎవరైనా భూమి ఇస్తామంటే డబ్బు కట్టవద్దు. టాంజానియాలో భాగమైన జాంజిబార్ దీవుల్లో పెట్టుబడి, భూమి చట్టాలు వేరు, సంస్థ కూడా వేరు; ప్రధాన భూభాగంలో పొందిన ధ్రువపత్రంతో అక్కడ పని జరగదు. గనుల రంగంలో 2017 సవరణల తరువాత ప్రభుత్వానికి కనీసం 16 శాతం ఉచిత వాటా ఇవ్వాలి కాబట్టి చిన్న పెట్టుబడిదారులు దాని జోలికి పోకపోవడమే మంచిది.

రాజకీయ ప్రమాదాన్నీ లెక్కలో పెట్టుకోవాలి. 2018లో జీడి వర్తకులు తక్కువ ధర పలికినప్పుడు అప్పటి అధ్యక్షుడు జాన్ మగుఫులి వేలాలను తోసిపుచ్చి, కిలో 3,300 షిల్లింగులకు పంటను సేకరించే పనికి సైన్యాన్ని దించారు. 2025 అక్టోబరు 29 ఎన్నికల వేళ అల్లర్లు చెలరేగి, ఇంటర్నెట్ నిలిచిపోయింది, దార్ ఎస్ సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు. ఇలాంటి రోజుల్లో పత్రాలు బ్యాంకుకు చేరక లెటర్ ఆఫ్ క్రెడిట్ గడువు దాటిపోవచ్చు. అందుకని గడువుకు మూడు వారాలైనా అదనంగా ఉంచాలి, ప్రభుత్వ చర్యల వల్ల ఆలస్యమైతే నష్టం ఎవరిదో ఒప్పందంలో తేల్చాలి, వివాదాల పరిష్కారానికి దేశం వెలుపలి మధ్యవర్తిత్వ కేంద్రాన్ని పేర్కొనాలి.

మొదటి ప్రయాణం జూలై చివర పెట్టుకోండి. వారం రోజులు దార్ ఎస్ సలామ్‌లో బ్యాంకు, క్లియరింగ్ ఏజెంట్, తనిఖీ సంస్థలతో మాట్లాడి, తరువాత లిండికి వెళ్ళి ఒక సహకార సంఘం గిడ్డంగి వద్ద కందులు తూకానికి రావడం చూడండి. అక్కడ కందిని ఎంబాజీ అంటారు, జీడిని కొరోషో అంటారు. అక్టోబరులో మళ్ళీ వెళ్ళి జీడి వేలాల తొలి రెండు వారాల ధరలు రాసుకోండి. రెండు కంటైనర్లకు మించకుండా మొదటి కొనుగోలు జరిపి, అవి గమ్యం చేరి లెక్క తేలే దాకా మరొకటి కొనకండి.