చిన్న హెలికాప్టర్ ఎగరేద్దాం – 4: రెక్కల వరస, తోక ఊపు

పోయిన పాఠంలో మన రిమోట్ హెలికాప్టర్ స్వాష్‌ప్లేట్ (రెక్కల కోణం మార్చే పళ్లెం) మట్టం చేసి, రిమోట్ స్టిక్ సగంలో ఉన్నప్పుడు రెక్కల కోణం సున్నాకి వచ్చేలా లింకులు (ఆ పళ్లేన్ని రెక్కలకి కలిపే సన్నని కమ్మీలు) సరిచేశాం. ఇక నేల మీది నుంచి లేపాలి. మూలపడ్డ హెలికాప్టర్లలో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గర ఆగిపోయినవే. అది వణుకుతుంది, తోక ఊపుతుంది, పక్కకి జారుతుంది. మనమేమో "నా చేతికి రాదులే" అని అటక ఎక్కించేస్తాం.

నేనూ అంతే. నెల్లూరు దగ్గర పెన్న ఇసకలో మొదటిసారి లేపినప్పుడు, గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన కాసేపు చూసి, "ఏందబ్బయా, అది అట్టా వణకతా ఉండాది? చలిజొరమా?" అన్నాడు. ఆయనకి ఒక్క చూపులో తెలిసింది నాకు నెల పట్టింది. ఆ నెలంతా రిమోట్ మీద ట్రిమ్ బటన్లు (ఒక పక్కకి జారకుండా సరిచేసేవి) నొక్కుతూ, జైరో (తోక తిరక్కుండా పట్టి ఉంచే సెన్సర్) మారుస్తూ గడిపాను. జబ్బు రెక్కల్లో ఉంది. జైరోకి వణుకూ కదలికలాగే కనిపిస్తుంది. ఆ వణుకుని సరిదిద్దబోయి తోకని పిచ్చిగా ఆడిస్తుంది. అందుకే ముందు రెక్కలు, తర్వాతే తోక.

మన దగ్గరున్నది 450 సైజుది అనుకుందాం. రెక్క పొడవు 325 మిల్లీమీటర్లు. నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే దాని కొస గంటకి 300 కిలోమీటర్లు దాటి పోతుంది. కాబట్టి ఇరవై అడుగుల లోపల ఎవరూ ఉండకూడదు, మీతో సహా. ఎగరేసే చోట పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి, ఇసక లేవదు. కోత అయిన వరిచేను చూడ్డానికి బాగుంటుంది కానీ స్కిడ్లు (కింది కాళ్లు) మోళ్లకి తగులుకుని బోర్లా పడుతుంది. కొత్తపట్నం, మైపాడు బీచ్‌ల జోలికి పోవద్దు, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. పొద్దున ఎనిమిది లోపల ముగించండి. ఆ తర్వాత గాలి మొదలవుతుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి, అదే ఎత్తుకి మోటారు ఎక్కువ కష్టపడాలి.

రెక్కల వరస చూద్దాం. ఒక రెక్క కొసకి ఎర్ర టేపు, రెండోదానికి అంతే కొలతలో పసుపు టేపు అంటించండి. రెక్కల మొదట్లో ఉండే బోల్టు బిగింపు ఎలా ఉండాలంటే, హెలికాప్టర్‌ని పక్కకి పట్టుకుంటే రెక్కలు వాలిపోకూడదు, కుదిపితే కదలాలి. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరుగుతుంటే పక్క నుంచి ఒకే గీత కనిపిస్తుంది, లేకపోతే రెండు గీతలు. దీన్ని కళ్లు ఆ ఎత్తులో పెట్టి చూడమని చెబుతుంటారు. నాకది నచ్చదు, రెక్క ఊడితే వచ్చేది సరిగ్గా ఆ వరసలోనే. ఫోన్‌ని రెక్కల ఎత్తుకి ఇటుకల మీద ఆనించి, స్లో మోషన్ పెట్టి, మీరు దూరంగా నిలబడండి. లేస్తుందా లేవదా అన్నంత వరకే పవర్ ఇచ్చి ఆపేయండి. వీడియోలో ఏ రంగు పైన ఉందో చూసి, ఆ రెక్క కోణం తగ్గేలా లింకు తిప్పండి. చాలా మోడళ్లలో లింకు పొట్టి చేస్తే కోణం తగ్గుతుంది. తేడా ఎక్కువుంటే పైదాన్ని కొంచెం దించి, కిందదాన్ని కొంచెం ఎత్తండి. లేదంటే సున్నా కోణం చెడుతుంది.

ఒకే గీత వచ్చినా వణుకు పోలేదా? రెక్కల మధ్య ఉండే కడ్డీని తీసి అద్దం మీద దొర్లించండి. వంగి ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. దాన్ని సాగదీసి సరిచేయాలని చూడొద్దు, కొత్తది వేయండి. ఒకసారి నేల తాకినదానిలో వంగేది ముందు ఇదే.

ఇప్పుడు తోక. తోక చకచకా ఊగుతుంటే జైరో గెయిన్ (జైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగ్) ఎక్కువైనట్టు, కొద్దికొద్దిగా తగ్గించండి. అంతకుముందు తోక పిచ్ స్లైడర్ (తోక రెక్కల కోణం మార్చే జారుడు ముక్క) వేలితో తోస్తే సాఫీగా జరుగుతోందో లేదో చూడండి. పట్టేస్తుంటే గెయిన్ ఎంత మార్చినా వృథా. ఒక్కసారిగా పైకి లేపినప్పుడు తోక ఒక పక్కకి తన్నితే గెయిన్ చాలనట్టు, పెంచండి. మళ్లీ ఊగడం మొదలైన చోట ఆపి, ఒక మెట్టు వెనక్కి రండి.

గాల్లో నిలబడ్డాక హెలికాప్టర్ కాస్త కుడికి ఒరిగి కనిపిస్తుంది. కంగారు పడి స్వాష్‌ప్లేట్ కదపొద్దు. పై నుంచి చూస్తే రెక్కలు గడియారం ముల్లులా తిరిగే మోడల్‌లో, తోక రోటర్ మొత్తం యంత్రాన్ని ఎడమకి నెడుతుంటుంది. ఆ తోపుడుని ఆపాలంటే కుడికి ఒరగాల్సిందే.

లేపేటప్పుడు అడుగు ఎత్తులో తచ్చాడొద్దు. రెక్కలు తోసిన గాలి నేలకి కొట్టుకుని, అక్కడ హెలికాప్టర్ నూనె మీద నిలబడ్డట్టు జారుతుంది. శిక్షణ పుల్లలు (బోర్లా పడకుండా కాళ్ల కింద అడ్డంగా కట్టే పొడుగాటి పుల్లలు) కట్టి, మూడు నాలుగడుగులు తిన్నగా లేపండి. అయిదు నిమిషాలకి టైమర్ పెట్టి దించేయండి. ఛార్జ్ చేసిన బ్యాటరీలని స్కూటర్ డిక్కీలో ఎండకి వదలొద్దు.

వచ్చే పాఠం దాకా పది బ్యాటరీలు ఇలాగే ఎగరేయండి, తోక ఎప్పుడూ మీ వైపే ఉంచి. ముక్కు మీ వైపు తిప్పారంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. దాని సంగతి అప్పుడు చూద్దాం.