తూర్పు ఆసియా మీద మూడేళ్ల రీసెర్చ్ ప్లాన్ ఎలా వేయాలి

థింక్ ట్యాంకుల్లో, అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థల్లో, ప్లానింగ్ మీటింగ్ అనగానే బోర్డు మీద చైనా, జపాన్, కొరియాలు, తైవాన్ అని గళ్లు గీసి తలా ఒకటి పంచేసుకుంటారు. ముందు ఆ పని మానేయండి. తైవాన్ చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీ 2024 ఫిబ్రవరిలో జపాన్‌లోని కుమమోటోలో ఫ్యాక్టరీ ప్రారంభించింది కదా, అది తైవాన్ చూసేవాళ్లు రాయాలా, జపాన్ చూసేవాళ్లా? మామూలుగా ఇద్దరూ రాయరు.

దేశాలు కాదు, ప్రశ్నలు రాసుకోండి. "జపాన్ రక్షణ విధానం" అనేది ప్రశ్న కాదు, ఫైలు మీద పేరు. 2027 కల్లా జీడీపీలో 2 శాతం రక్షణకు ఖర్చు పెట్టాలని జపాన్ 2022 డిసెంబరులో లక్ష్యం పెట్టుకుంది. సరే, ఆత్మరక్షణ దళాల్లో (జపాన్ సైన్యం పేరు అదే) చేరే కుర్రాళ్లే తగ్గిపోతుంటే ఆ డబ్బు దేనికి పోతుంది? ఇలా అడిగితే ఏం వెతకాలో వెంటనే తెలుస్తుంది.

తర్వాత క్యాలెండర్. చైనా 15వ పంచవర్ష ప్రణాళిక 2026 నుంచి 2030 దాకా, అక్కడి కమ్యూనిస్టు పార్టీ 21వ మహాసభ 2027లో, తైవాన్ అధ్యక్ష ఎన్నిక 2028 మొదట్లో. రిపోర్టు వీటికి ఆరు నెలల ముందే రావాలి, తర్వాత వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది డేటా. చైనా యువత నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతం అని ప్రకటించారు, ఆగస్టులో ఆ అంకెలు ఇవ్వడమే ఆపేశారు, మళ్లీ 2024 జనవరిలో, చదువుకుంటున్నవాళ్లను లెక్కలోంచి తీసేసి, 2023 డిసెంబరుకు 14.9 శాతం అన్నారు. ఈ రెండిటినీ ఒకే గ్రాఫ్‌లో కలిపి గీశారో, పప్పులో కాలేసినట్టే. అందుకే వాడే ప్రతి పేజీనీ తేదీతో సహా సేవ్ చేసే పని ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. నేను ఒకసారి లింకులు మాత్రమే దాచుకుని, ఏడాది తర్వాత సగం తెరుచుకోక తల పట్టుకున్నాను.

టైమ్‌లో పావు వంతు ఖాళీగా వదలండి. ఫండింగ్ ఇచ్చేవాళ్లకు ఇది నచ్చదు, అయినా పట్టుబట్టండి. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియాలో అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటిస్తాడని ఎవరి ప్లాన్‌లో ఉంది? కానీ అక్కడి రాజ్యాంగంలో సైనిక పాలన గురించి చెప్పే 77వ అధికరణం చదివినవాళ్లు టీవీలో సైనికుల్ని చూస్తూ కూర్చోకుండా నేరుగా పార్లమెంటులో తలలు లెక్కపెట్టారు. మొత్తం 300 మంది ఎంపీల్లో సగానికి మించి అడిగితే అధ్యక్షుడు సైనిక పాలన ఎత్తేయాల్సిందే. వచ్చిన 190 మందీ ఎత్తేయమనే ఓటేశారు.

ఆ అధికరణాన్ని కొరియన్‌లోనే చదవగల మనిషి మీ దగ్గర లేకపోతే, ముందు ఆ ఉద్యోగానికి డబ్బు పక్కన పెట్టండి, సెమినార్లు తర్వాత చూసుకోవచ్చు.