కట్టెల కోతకు చైన్‌సా ఎలా ఎంచుకోవాలి?

పొలంలో కట్టెలు కోసుకోవడానికి చైన్‌సా కావాలని షాపుకెళితే ముందు వినబడే మాట "ఎన్ని సీసీ కావాలి?" అనే. అది రెండో ప్రశ్న. మీరు కోసేది ఏ చెట్టు, ఎంత మందం, ఏడాదికి ఎంత కట్టె అన్నది మొదటిది. దీనికి జవాబు ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరండి.

నేను మొదటిసారి తేల్చుకోకుండానే వెళ్లాను. 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ) ఉన్న మిషన్ చవగ్గా వస్తోందని తెచ్చేశాను. మా గట్టు మీద ఉన్నదేమో సర్కారు తుమ్మ, జానెడు మందం కూడా లేని కొమ్మలు. అంత పొడుగు బార్‌తో వంగి కోస్తుంటే దాని ముక్కు నేలకు తగిలేది, మట్టి తగలగానే చైన్ మొద్దుబారేది, సాయంత్రానికి నడుం పట్టేసేది. రెండో ఏడు కార్బొరేటర్ పాడైతే దానికి సరిపోయే భాగం మా టౌన్‌లో ఎక్కడా దొరకలేదు.

1. ముందు కట్టెను కొలవండి

టేపు లేకపోయినా ఫర్వాలేదు. జాన అంటే సుమారు 9 అంగుళాలు, మూర అంటే 18. ఇంట్లో నీళ్ల పొయ్యికి, పెళ్లిళ్లకి, పండగలకి కోసే కట్టె ఎక్కువగా జాన లోపే ఉంటుంది. దానికి 14 అంగుళాల బార్ చాలు. అప్పుడప్పుడూ మూరెడు మందం ఉన్న మామిడి, వేప మొద్దులు తగిలితే 16 అంగుళాలది తీసుకోండి. బార్ కంటే లావైన మొద్దును రెండు వైపుల నుంచీ కోయొచ్చు కాబట్టి, ఏటా ఒక్కసారి వచ్చే పెద్ద చెట్టు కోసం ఏడాదంతా పొడుగు బార్ మోయనక్కర్లేదు.

నల్లతుమ్మ, చింత ఎండితే రాయిలా గట్టిపడతాయి. అవి ఎక్కువగా ఉంటే ఇంజన్ కొంచెం పెద్దది చూసుకోండి. వీలైనంతవరకూ పచ్చిగా ఉన్నప్పుడే ముక్కలు కోసి, పేర్చి ఎండబెట్టుకుంటే మిషన్‌కూ సుఖం, మనిషికీ సుఖం.

2. ఇప్పుడు ఇంజన్

ఇంటి అవసరానికి 30 నుంచి 38 సీసీ మధ్య సరిపోతుంది. వారానికి రెండు మూడు రోజులు కోత ఉంటే, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టె కోసే వాళ్లయితే, 45 నుంచి 50 సీసీ, 16 లేదా 18 అంగుళాల బార్ చూడండి. సీసీ అంకె పక్కన కిలోవాట్లు కూడా అడగండి. అసలు బలం చెప్పేది అదే. 1.5 కిలోవాట్లంటే దాదాపు 2 హార్స్‌పవర్.

పేరున్న కంపెనీ చిన్న మిషన్, పేరులేని పెద్ద మిషన్ ఒకే ధరకు దొరికితే నేను చిన్నదే కొంటాను.

కరెంటుతో నడిచేవి ఇంటి వెనక కట్టెలకు మంచివే, పొలం గట్టు దాకా వైరు లాగడమే కష్టం. వైరు పొడుగైన కొద్దీ వోల్టేజీ పడిపోయి మోటార్ వేడెక్కుతుంది. బ్యాటరీవి కొమ్మలు కత్తిరించడానికి హాయిగా ఉంటాయి కానీ, బండెడు కట్టె కోయాలంటే రెండో బ్యాటరీ కూడా కొనాలి.

3. చైన్ సంగతి దగ్గర కూర్చోండి

చాలామంది ఇంజన్ గురించి గంటసేపు మాట్లాడతారు, చైన్ గురించి ఒక్క మాటా అడగరు. కోసేది చైనే. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే ఆయన పొయ్యి కట్టెలు కొడుతూ, కలప తొలిచే పురుగు పిల్ల కుడికీ ఎడమకీ కొరుకుతూ మొద్దులోకి దూసుకుపోవడం గమనించాడు. దాని దవడలను చూసే కొత్త రకం పన్ను తయారు చేశాడు. ఈ రోజు మన చైన్‌లో కుడి పన్ను, ఎడమ పన్ను మార్చి మార్చి ఉండేది ఆ పద్ధతిలోనే.

ఆ పన్నుకు పదును పెట్టడం మీకు రావాలి. షాపులోనే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: చైన్ పిచ్ (లింకుకూ లింకుకూ మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం), లింకుల సంఖ్య. ఇవి తెలిస్తే ఏ ఊళ్లోనైనా కొత్త చైన్ అడగొచ్చు. పదునుకు గుండ్రటి ఆకురాయి కావాలి. పిచ్ 3/8 అంగుళం ఉన్న లో-ప్రొఫైల్ (పొట్టి పళ్ల) చైన్‌కు 4 మిల్లీమీటర్లది, .325 అంగుళం ఉన్న చైన్‌కు 4.8 మిల్లీమీటర్లది. ప్రతి పన్నునూ ఒకే వాలులో, లోపలి నుంచి బయటికి, అన్నిటికీ ఒకే లెక్కన మూడు నాలుగు సార్లు రుద్దాలి.

పదును ఉందో లేదో కింద పడే పొట్టు చెబుతుంది. పదునైన చైన్ అటుకుల్లాంటి చిన్న చిన్న చెక్క ముక్కలు విసురుతుంది. గోధుమపిండిలా మెత్తటి పొట్టు పడుతుంటే ఆపి పదును పెట్టండి. పదును లేని చైన్‌ను బలంగా నొక్కితే బార్ వేడెక్కి అరిగిపోతుంది.

4. షాపులో చేయాల్సిన పరీక్షలు

బార్, చైన్ బిగించి, పెట్రోల్, ఆయిల్ నింపిన మిషన్‌ను రెండు చేతులతో ఐదు నిమిషాలు పట్టుకుని నిలబడండి. చేతులు లాగేస్తే అది మీది కాదు.

మిషన్‌ను నేల మీద పెట్టించి స్టార్ట్ చేయించండి. యాక్సిలరేటర్ వదిలేశాక చైన్ తిరగకూడదు. ముందు పిడి దగ్గరున్న ప్లాస్టిక్ రెక్కను ముందుకు తోస్తే చైన్ బ్రేక్ పడాలి. బార్ ముక్కును అట్టముక్క మీదికి, తగలకుండా పట్టుకుని వేగం పెంచమనండి. సన్నటి నూనె గీత పడితే ఆయిల్ పంపు పనిచేస్తున్నట్టే. ఇంజన్ ఆపించి, చైన్‌ను బార్ మధ్యలో పైకి లాగి చూడండి. లింకుల అడుగు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు, అయినా గ్లవ్ వేసుకున్న చేత్తో లాగితే చైన్ సాఫీగా జరగాలి.

సర్వీసు ఎక్కడ, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, స్టార్టర్ తాడు అక్కడే ఉన్నాయా అని అడగండి. "తెప్పిస్తాం" అంటే, "చూపించండి" అనండి.

5. ఆయిల్, పెట్రోల్

ఇవి ఎక్కువగా టూ-స్ట్రోక్ ఇంజన్లు, ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, 25:1 అని ఉంటే 40. నెలకు మించి కలిపి ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, తనంతట తాను ఆగిపోయే దాకా ఇంజన్‌ను నడపండి. చైన్‌కు మాత్రం ట్రాక్టర్‌లోంచి తీసిన పాత ఆయిల్ పోయొద్దు. అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది.

6. రక్షణ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి

హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మఫ్, గట్టి బూట్లు, కాళ్లకు చైన్‌సా చాప్స్ (ప్యాంటు మీద కట్టుకునే తొడుగు). ఈ చాప్స్ లోపల ఉండే పోగులు చైన్‌కు చుట్టుకుని దాన్ని తిప్పే చక్రాన్ని ఆపేస్తాయి, మామూలు ప్యాంటుకు ఆ గుణం లేదు. వీటికి డబ్బు మిగలకపోతే మిషన్ తర్వాత కొనండి. బార్ ముక్కు పైభాగం కట్టెకు తగిలితే మిషన్ కళ్లు మూసి తెరిచేలోగా మొహం మీదికి ఎగురుతుంది. లుంగీతో, చెప్పులతో, ఒంటి చేత్తో కోసే వాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది.

నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలా అని అటవీ శాఖ ఆఫీసులో ముందే కనుక్కోండి.

మొదటి కోతకు ముందు మొద్దును చేత్తో తడిమి చూడండి. మా వేప మాను ఒకటి, ఎప్పుడో కంచె కోసం కొట్టిన మేకును బెరడు లోపల దాచుకుంది. ఒక్క కోతతో కొత్త చైన్ పళ్లు ఏడు పోయాయి. బెరడు ఉబ్బినచోట, చెక్క నల్లగా మారినచోట, జానెడు పక్కకి జరిగి కోయండి.