తిని తాగినా మర్నాడు తల లేవట్లేదా? హ్యాంగోవర్: సమస్య - పరిష్కారం

ఇచ్ఛాపురం, బరంపురం, పాతపట్నం, పర్లాకిమిడి, రాయగడ... పెళ్లిళ్ల సీజన్‌లో ఏ ఊళ్లోనైనా అడిగే ప్రశ్న ఒకటే: "ముందే ఏ బిళ్ల వేసుకుంటే పొద్దున్న తలపోటు రాదు?" బిళ్ల సంగతి తర్వాత. ముందు లెక్క చూసుకోండి. ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు, సగం సమస్య అక్కడే ఉంటుంది.

సీసా మీద 42.8 శాతం అని ఉంటే 60 మి.లీ. లార్జ్ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. 180 మి.లీ. క్వార్టర్‌లో 60 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు, అంటే రెండు లార్జ్‌లు. "బీరే కదా" అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. రాయగడ, కోరాపుట్ వైపు జీలుగు కల్లుకి సీసా లేదు, శాతం లేదు. పొద్దున్న దింపినప్పుడు తియ్యగా ఉన్నది ఎండెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. ఐదు శాతానికి చేరిన కల్లు ఒక లీటరు తాగితే అదీ దాదాపు 40 గ్రాములే. పొద్దుటి రెండు చెంబులూ సాయంత్రం రెండు చెంబులూ ఒకటి కావు.

లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. ఏ టానిక్కూ ఆ వేగాన్ని పెంచదు. క్వార్టర్ దిగడానికి 6 నుంచి 9 గంటలు, 375 మి.లీ. హాఫ్‌కి 13 గంటల పైనే. రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి హాఫ్ ముగించినవాడికి పొద్దున్న ఎనిమిదికి ఉన్నది హ్యాంగోవర్ కాదు, ఇంకా దిగని మందు. ఆ మనిషి బండి తీయకూడదు. చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. నిద్ర లేచాం కదా అని అది తగ్గిపోదు.

లక్షణం: నోరు పిడచగట్టడం, దాహం, తల బరువు

ఒంట్లో నీటిని పట్టి ఉంచడానికి మెదడు వదిలే హార్మోన్‌ని ఆల్కహాల్ అణిచేస్తుంది. అందుకే మామూలుకంటే ఎక్కువ మూత్రం పోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో చెమట కూడా తోడవుతుంది. పెగ్గుకో గ్లాసు నీళ్లు, పడుకునే ముందు మరో రెండు గ్లాసులు తాగండి. పొద్దున్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచా కొలతే, తల గొట్టి. అయితే నీళ్లు దాహాన్ని తీరుస్తాయి, మొత్తం హ్యాంగోవర్‌ని కాదు. బిందెడు నీళ్లు తాగినా తల ఇంకా పోటేస్తుంటే కిందిది చదవండి.

లక్షణం: తెల్లవారుజామున మెలకువ, చెమట, వణుకు, గుండె దడ, ఆకలేస్తున్నా తినబుద్ధి కాకపోవడం

అందరినీ మోసం చేసే కారణం ఇది. అడిగితే ప్రతివాళ్లూ "తినే తాగాను" అంటారు. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో మాత్రం చెప్పరు. గట్టిగా అడిగితే బయటపడేది ఇది: మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి భోజనం. రాత్రి ఎనిమిదికి మొదటి పెగ్గు. దాంతోపాటు వేయించిన పలాస జీడిపప్పు, మిక్చర్, చికెన్ పకోడీ. నలభై నిమిషాల్లో రెండు లార్జ్‌లు. వడ్డన పదకొండున్నరకి. అప్పటికి ఆకలి చచ్చి, అన్నం కెలికి చెయ్యి కడుక్కోవడం. ఇది తిని తాగడం కాదు, ఖాళీ కడుపున తాగి మధ్యలో నంజుకోవడం.

ఆల్కహాల్ ఎక్కువగా రక్తంలోకి ఎక్కేది చిన్నపేగులో. కడుపులో అన్నం ఉంటే, అది అరిగే దాకా కడుపు కింది ద్వారం సరుకుని కొద్దికొద్దిగానే వదులుతుంది. మందు అక్కడే ఆగుతుంది, మెల్లగా ఎక్కుతుంది, రక్తంలో ఒక్కసారిగా పెరగదు. కడుపు ఖాళీగా ఉంటే మొదటి పెగ్గు నేరుగా పేగులోకి జారుతుంది. ఆ తర్వాత ఎంత బిర్యానీ తిన్నా, దిగిపోయిన మందుని అది వెనక్కి లాగలేదు. మంచింగ్ ఇంకో పని కూడా చేస్తుంది. ఉప్పూ కారమూ దాహం పెంచుతాయి, ఆ దాహానికి జవాబుగా చేతికందేది సోడా కలిపిన తర్వాతి పెగ్గే.

రాత్రి రెండో దెబ్బ. మామూలుగా మనం పడుకున్నప్పుడు లివర్ రక్తంలో చక్కెర పడిపోకుండా కొత్త గ్లూకోజ్ తయారుచేస్తుంటుంది. ఆల్కహాల్‌ని కరిగించే పనిలో ఉన్నంతసేపు ఈ పని మందగిస్తుంది. మధ్యాహ్నం నుంచీ సరైన తిండి లేనివాడికి నిల్వా తక్కువే. తెల్లారగట్ల చెమటా వణుకూ కొంతమందికి అందుకే కావచ్చు. పొద్దున్న పెరుగన్నమో అంబలో తిన్న అరగంటలో తేలికపడితే కారణం దొరికినట్టే. షుగర్‌కి గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు అరగంట చూడకూడదు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూసి, 70 లోపు ఉంటే పంచదార నీళ్లు తాగాలి. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పరిష్కారం: మొదటి గుక్కకి ముప్పావుగంట ముందు భోజనం. స్నాక్స్ కాదు, భోజనం. అన్నం, పప్పు లేదా దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), ఒక గుడ్డు లేదా చేప, చివర పెరుగు. మాంసకృత్తులూ కొవ్వూ ఉంటే కడుపు ఇంకా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పిలిచినవాళ్లు ఏడున్నరకే వడ్డిస్తే మంచిది. "ముందే అన్నం పెడితే ఎవరూ తాగరు" అని వాళ్లు మొత్తుకుంటారు. తక్కువ తాగితే అంతకన్నా కావలసింది ఏముంది? మంచింగ్‌కి ఉప్పు వెయ్యని ఉడికించిన పల్లీలు, కీరా ముక్కలు, ఉడికిన గుడ్లు చాలు.

పొద్దున్నకి మన ప్రాంతంలో ఉన్నదానికి మించింది కొనక్కర్లేదు. చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి తాగండి. లేదా తరవాణి అన్నం (నీళ్లలో నానబెట్టి పులిసిన అన్నం), ఒడియా ఇళ్లలో దాన్నే పఖాళ అంటారు. నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఒకే గిన్నెలో ఉంటాయి, వికారంగా ఉన్న కడుపు కూడా వాటిని నిలుపుకుంటుంది. పచ్చిమిర్చి, ఎండుచేప మాత్రం ఆ పూటకి మానండి.

లక్షణం: కడుపులో మంట, పసర వాంతులు

పొట్ట లోపలి పొర రేగింది. నూనె వేపుళ్లు, నీళ్లు కలపని మందు, సిగరెట్ దీన్ని పెంచుతాయి. మజ్జిగ, ఇడ్లీ తీసుకోండి, ఆ రోజు కాఫీ వద్దు. వాంతిలో రక్తమో కాఫీపొడి లాంటి నలుపో కనిపిస్తే ఆస్పత్రికే.

బిళ్లలు, సిరప్‌ల సంగతి

2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూశారు. హ్యాంగోవర్‌ని ఆపుతుందని గట్టిగా చెప్పదగ్గది ఒక్కటీ తేలలేదు. బీ కాంప్లెక్స్, విటమిన్ సీ హాని చెయ్యవు, కాపాడవు కూడా. బొగ్గు బిళ్ల ఆల్కహాల్‌ని సరిగా పట్టుకోదు. గ్యాస్ బిళ్ల మంట తగ్గించవచ్చు, తలపోటుని కాదు. అసలు నష్టం వేరే ఉంది: సిరప్ తాగాం కదా అనే ధైర్యంతో ఇంకో పెగ్గు పడుతుంది. రాత్రి తాగి పడుకుంటూ పారాసెటమాల్ వేసుకోవడం అసలు వద్దు, అలసిన లివర్ మీద అది ఇంకో బరువు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఖాళీ కడుపున మంట పెంచుతాయి.

అరుదైనవి

రంగు మందు (విస్కీ, రమ్), తెల్ల మందు (వోడ్కా, జిన్) తేడా కొంత ఉంది, గ్రాముల ముందు చిన్నది. రెండు రకాలు కలపడం వల్ల వచ్చే నష్టం కూడా చాలావరకు లెక్క తప్పడమే. విరోచనాలకి మెట్రోనిడజోల్ వాడుతుంటే ఆ కోర్సూ, ఆ తర్వాత మూడు రోజులూ మద్యం ముట్టకండి. రెండు గుక్కలకే మొహం ఎర్రబడి గుండె అదిరితే, ఇంట్లో ఎవరైనా తాగుడు మాన్పించే మందు చెప్పకుండా అన్నంలో కలిపారేమో అడగండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. రోజూ తాగేవాళ్లకి పొద్దుటి వణుకు పెగ్గు పడితేనే ఆగుతుంటే అది హ్యాంగోవర్ కాదు. అలాంటివాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చేతిలోనే మానాలి.

నాటుసారా తాగిన 12 నుంచి 24 గంటలకి చూపు మసకబారినా, కళ్ల ముందు తెల్లగా మంచు కురిసినట్టున్నా, ఆయాసం వచ్చినా నిమ్మరసం పట్టించి పడుకోబెట్టకండి. అది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ పని. 1992లో కటక్‌లో రెండొందల మందికి పైగా పోయింది కల్తీ సారాతోనే. దీనికి విరుగుడు ఉంది, కానీ గంటలు లెక్కలోకి వస్తాయి. 108కి ఫోన్ చెయ్యండి. ఒడిశాలో గంజాం వైపు వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, ఆంధ్ర వైపు వాళ్లకి శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి. సారా తాగిన సంగతి దాచకుండా చెప్పండి, సీసా అడుగున ఏమైనా మిగిలి ఉంటే వెంట తీసుకెళ్లండి. అదే సారా తాగిన మిగతావాళ్లకి ఏ లక్షణం లేకపోయినా వాళ్లనీ తీసుకెళ్లండి.