తాతల నాటి వేలం కాగితం చదవడం ఎలా

గుంటూరు, బాపట్ల వైపు పల్లెల్లో పాత పెట్టెల అడుగున, బాకీకి పొలం, సామాను జప్తు చేసి వేలం వేసిన నాటి కాగితాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. నా ఉద్యోగమంతా రెవెన్యూలోనే గడిచింది. రిటైరయ్యాక ఇలాంటి కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఫలానా నంబరు పొలం ఎలా పోయింది, తాత తాగి పోగొట్టాడా, పేకాటలో పోయిందా అని అడుగుతారు. తొందరపడి ఆ పెద్దాయన మీద నింద వేయకండి. ముందు కాగితం చదవండి.

మొట్టమొదట తేల్చాల్సింది అది ఎవరు వేసిన వేలం అన్నది. బ్రిటిష్ హయాంలో మన జిల్లాల్లో ప్రధానంగా మూడు రకాలు నడిచేవి. శిస్తు బాకీకి సర్కారు వేసేది ఒకటి. షావుకారి అప్పుకి సివిల్ కోర్టు డిక్రీ మీద వేసేది రెండోది. జమీందారీ గ్రామమైతే జమీందారు తన శిస్తు కోసం 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద వేయించేది మూడోది. కాగితం తల చిరిగిపోయినా ఫరవాలేదు, ధరావత్తు, అంటే పాట ముగియగానే ముందుగా కట్టిన సొమ్ము, చూడండి. సర్కారు వేలం 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం జరిగేది. అందులో పొలం పాడుకున్నవాడు అక్కడికక్కడే నూటికి 15 చొప్పున కట్టి, మిగతాది 30 రోజుల్లో చెల్లించాలి. 1908 తర్వాత కోర్టు వేలమైతే నూటికి 25 వెంటనే కట్టి, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. పాట మొత్తం, కట్టిన మొత్తం రెండూ కనిపిస్తే లెక్క వేయండి. నాలుగో వంతు వస్తే అది కోర్టు వేలమని అనుకోవచ్చు.

తర్వాత సంవత్సరం. ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం. '1331 ఫసలీ' అని ఉంటే దానికి 590 కలపండి. 1921 వస్తుంది. అంటే 1921 జూలై నుంచి 1922 జూన్ వరకు అని అర్థం. ఈ లెక్క తెలియకపోతే కథే మారిపోతుంది. సహాయ నిరాకరణోద్యమంలో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టబోమని మొండికేసింది సరిగ్గా ఆ ఫసలీలోనే. మీ ఊరు ఆ చుట్టుపక్కలదై, జప్తు కాగితం మీద 1331 ఉంటే, మీ ముత్తాత డబ్బు లేక కట్టలేదో, ఉండీ కట్టనన్నాడో నిదానంగా విచారించండి. ఆ మాట మీ కుటుంబానికి ఎంతో విలువైనది.

అంకెల దగ్గర చాలామంది తికమక పడతారు. రూ. 12-6-4 అంటే 12 రూపాయలు, 6 అణాలు, 4 పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. తెలుగు అంకె పక్కన నిలువు గీతలు ఉంటే ఒకటి పావు, రెండు అర, మూడు ముప్పావు. వాటిని ఒకట్లు అనుకుని చదివితే రెండుంపావు కాస్తా ఇరవై ఒకటి అవుతుంది.

ఇక చరాస్తి జాబితా. నా మటుకు నాకు ఈ కాగితాల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. పొలం గురించి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు తప్ప ఇంకేమీ ఉండదు. సామాను దగ్గరికి వచ్చేసరికి ఇల్లంతా కళ్లకు కడుతుంది. మైల గిత్త ఒకటి, చూడి గేదె ఒకటి, రెండెడ్ల బండి, ఇత్తడి బిందెలు రెండు, కంచు చెంబు, రోకలి. ఇత్తడి, రాగి సామాను వీశెల్లో తూచి రాసేవారు. వీశె అంటే సుమారు 1.4 కిలోలు. ప్రతి వస్తువూ మీ నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. ఎడ్లు ఒకటా రెండా, పాడి ఉందా, బండి ఉందా అన్నది చూస్తే ఆ రైతు స్థితి తెలిసిపోతుంది.

జాబితాలో లేనివి కూడా చూడాలి. కోర్టు జప్తులో కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామాను, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుంచి తీయకూడని నగలు ముట్టుకోకూడదు. సేద్యగాడైతే అతని పనిముట్లు, బతుకుతెరువుకి అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు వదిలేయాలి. కాబట్టి కోర్టు జాబితాలో ఎడ్లు లేవంటే ఇంట్లో ఎడ్లే లేవని రాసేయకండి. సర్కారు జప్తుకీ హద్దులుండేవి: సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత జప్తు చేయకూడదు. పట్టుకెళ్లిన పశువుల మేత ఖర్చు కూడా రైతు మీదే పడేది. ఖర్చుల పద్దు చివర కనిపించే చిన్న మొత్తం అదే కావచ్చు.

ఇప్పుడు పాటదారు, అంటే వేలంలో పాడి కొన్నవాడి పేరు. ఇక్కడ టెన్షన్ పడకుండా ఓపిగ్గా చూడాలి. కొన్నది షావుకారే అయితే అప్పు కింద పొలం చేతులు మారిందన్నమాట. మేనమామో, వియ్యంకుడో అయితే పొలం పరాయిపాలు కాకుండా కాపాడుకోవడానికి పాడించి ఉండొచ్చు. అలా పాడిన భూమి తర్వాత పసుపు కుంకుమ కింద ఆడపిల్ల పేరు మీదికి రావడం నేను రికార్డుల్లో చూశాను. పాటదారు స్థానంలో సర్కారు ఉంటే, పాడేవాళ్లు ఎవరూ రాక ప్రభుత్వమే నామమాత్రపు ధరకి తీసుకుందని అర్థం. అటువంటి చోట అదే సర్వే నంబరు తర్వాత ఎవరికి పట్టా అయిందో చూడండి. కొన్నిసార్లు పాత రైతే బాకీ కట్టి తిరిగి తెచ్చుకున్నట్టు తేలుతుంది.

తేదీ 1930-34 మధ్యదైతే ఇంకొక మాట గుర్తుంచుకోండి. ఆ మాంద్యంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు రూపాయల్లో నిర్ణయించినది, ధరతో పాటు అది దిగదు. అదే శిస్తు కట్టడానికి రెట్టింపు ధాన్యం అమ్మాల్సి వచ్చింది. బాగా సేద్యం చేసినవాళ్ల పొలాలు కూడా అలా పోయాయి. అప్పుల భారం తగ్గించడానికి మద్రాసు ప్రభుత్వం 1938లో చట్టం తెచ్చేనాటికి చాలామందికి ఆలస్యమైపోయింది.

మిగతా ఆధారాలు ఎక్కడ వెతకాలో చెబుతాను. వేలం ఖరారయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ నకలు సబ్‌రిజిస్ట్రార్‌కి వెళ్తుంది, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకంలో ఉంటుంది. కోర్టైనా రెవెన్యూ అయినా 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పంపాల్సిందే. ఊరి పేరు, సర్వే నంబరు, సంవత్సరం రాసి దరఖాస్తు ఇవ్వండి, కంప్యూటర్‌లో లేదంటే పాత పుస్తకాలు వెతకమని అడగండి. మండల తహశీల్దారు ఆఫీసు నుంచి డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు) నకలు తీస్తే ఆనాటి పట్టాదారు తెలుస్తాడు. వేలం ప్రకటనలు అచ్చు వేసిన జిల్లా గెజిట్ల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఒక జాగ్రత్త: గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు కాగితాలైతే కృష్ణా జిల్లా కింద, ఒంగోలు వైపువైతే నెల్లూరు కింద వెతకండి.

ఈ కాగితం చూపించి భూమి వెనక్కి ఇప్పిస్తామనే మధ్యవర్తులకు పైసా ఇవ్వకండి. కోర్టు వేలం రద్దు చేయమని అడగడానికి ఆనాడే 30 రోజులు గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించొద్దు, సిరా పాడవుతుంది. రెండువైపులా ఫోటో తీసి, మడతలు విప్పి, బట్టలో చుట్టి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ జాబితా ఒక్కొక్క వస్తువే చదివి వినిపించండి. ఆ గిత్త ఎవరి దగ్గర కొన్నది, ఆ బిందె ఏ అమ్మాయి కాపురానికి తెచ్చుకున్నది వాళ్లకి గుర్తుండొచ్చు, పక్కనే కూర్చుని రాసుకోండి.